నేలకీ పంకాకీ మధ్య జానెడు

ఫిబ్రవరి 6

ఎలుకదే తప్పు.

మైదానంలో ఎలుక తవ్విపోసిన మట్టికుప్ప ఒకటి ఉంది. అది లేకపోతే ఇవాళ ఏమీ అయ్యేది కాదు. మామయ్యా నేనూ కట్టిన విమానాన్ని ఇంకా గాల్లోకి లేపట్లేదు, గడ్డి మీదే జోరుగా పరిగెత్తించి చూస్తున్నాను. తోక లేచింది. తోక లేస్తే ముక్కు దిగుతుంది, ముక్కు దిగితే ముందున్న పంకా నేలకి దగ్గరవుతుంది, అదంతా తెలిసిందే. టప్‌మని ఒక్క చప్పుడు. ఇంజను ఆపేసి దిగి చూస్తే పంకా రెక్క ఒకదాని కొసన పెచ్చు లేచిపోయింది, చిటికెన వేలి గోరంత.

మామయ్య అవతలి గట్టు దగ్గర్నుంచి నడిచొచ్చారు. పెచ్చు లేచిన చోట బొటనవేలితో రాసి చూశారు. ఆ పంకా ఆయన చేత్తో చెక్కింది. జీవితమంతా జనం ఇళ్ళకి తలుపులు చేసిన మనిషి, ఒక చలికాలమంతా కూర్చుని, పలకలు పలకలుగా అంటించిన కర్రని చెక్కి, గీకి, రెండు రెక్కలూ ఒకే బరువు తూగేదాకా నునుపు చేసి పెట్టారు. పంకా అని పేరు పెట్టింది మాత్రం అత్తయ్య. ప్రొపెల్లర్ అనడానికి ఆవిడకి ఓపిక లేదు. ఇప్పుడు ఇంట్లో అందరికీ అది పంకాయే.

నేను మామయ్య మొహం చూడలేక ఎలుకని తిట్టడం మొదలుపెట్టాను.

"దానికేం తెలుసమ్మా," అన్నారు. "దాని ఇల్లు అది కట్టుకుంది."

దెబ్బ చిన్నదే. అతుకేస్తే సరిపోతుంది.

ఫిబ్రవరి 7

మా ఆయనకి ఎలుక సంగతి చెప్పాను. "ఆడలేక మద్దెల ఓడు," అన్నారు, పేపర్లోంచి తల ఎత్తకుండా. మాట్లాడటం మానేశాను. అన్నం తినేదాకా.

ఫిబ్రవరి 9

నా సీటు కవర్ల కొట్టుని ఆనుకున్న షెడ్డులో తోకని స్టాండు మీదికెత్తి, విమానాన్ని సమంగా నిలబెట్టి, పంకా ఒక రెక్కని నిలువుగా కిందికి తిప్పి, కొసకీ నేలకీ మధ్య చెయ్యి పెట్టి చూశాను. జానెడు ఉంది. కట్టేటప్పుడు కొలిచినా జానెడే. ఎలుక కుప్ప జానెడు ఎత్తు లేదు, నేనే చూశాను. మరి ఎలా తగిలింది?

"ఎవరి జానెడు?" అన్నారు మా ఆయన గుమ్మంలోంచి.

"నాదే."

"నీకు చేతి తొడుగులు పిల్లల కొట్లో కదా కొంటాం."

ఈయన రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తారు. కొలత అంటే చుక్కతో సహా ఉండాలి. నేను వాహనాల సీట్లకి కవర్లు కుట్టేదాన్ని. నాకు కొలత అంటే చెయ్యి. మామయ్య చెయ్యి పెట్టి చూశారు. ఆయన జాన దూరలేదు. బొటనవేలు మడత పెడితే గానీ పట్టలేదు.

"నీ జానకి ఉంది, నా జానకి లేదు," అని నవ్వారు. "పంకాకి ఎవరి జాన కావాలో దాన్నే అడగాలి."

సరే. ఇంతకీ నేను కంగారు పడేది పంకా గురించి కాదు. అంటే పంకా గురించే, కానీ అంతా అదే కాదు. మొదటి నుంచీ మా మధ్య ఒకటే మాట. నడపడం నేర్చుకున్నది నేను కాబట్టి ఎడమ సీటు నాది. కుడి సీటు మామయ్యది. నేను ఒంటరిగా కొన్నిసార్లు ఎగిరి చూసుకున్నాక, పక్కన కూర్చునే మొదటి మనిషి ఆయన. విమానానికి రెక్కలు కూడా రాకముందే ఆ సీటు కుట్టేశాను. ఆలు లేదు చూలు లేదు అని అత్తయ్య అప్పుడే దెప్పింది.

తలుపులు చేసి బతికిన మనిషి విమానానికి ఒకే తలుపు పెట్టారు, కుడివైపు. "ఇంటికి ఒక గుమ్మం చాలదా, ఇంకోటి పెడితే బరువు దండగ," అన్నారు. ఆ మాట నిజమే. నేను ముందు ఎక్కి ఎడమ సీట్లోకి జరుగుతాను. తరవాత ఆయన టైరు మీద ఒక కాలు పెట్టి, రెండో కాలిని రెండు చేతులతో ఎత్తి లోపల పెట్టుకుని, మూలుగుతూ కూర్చుంటారు. ఆ మోకాలు పూర్తిగా మడత పడదు. కానీ ఎక్కేస్తారు. ఇప్పటిదాకా ప్రతిసారీ ఎక్కారు.

ఫిబ్రవరి 12

కాలువ.

ఇది రాయడానికి కూడా సిగ్గుగా ఉంది, కానీ ఇక్కడ కాకపోతే ఎక్కడ రాసుకుంటాను.

మా ఆయన షెడ్డులో కుళాయి దగ్గర చేతులు కడుక్కున్నారు. ఆ నీళ్ళు విమానం చక్రాల పక్కనుంచి జారుతూ, పొట్ట కిందుగా ముక్కు దాకా పోయి, సరిగ్గా పంకా కిందున్న ఇనప జల్లెడలోకి దిగాయి. ఆయన చూస్తూ నిలబడ్డారు. తరవాత నన్ను పిలిచారు. "నువ్వు ఈ కొట్టు తీసుకోకముందు ఈ షెడ్డు ఏంటి?"

బళ్ళు కడిగే షెడ్డు. నేల మొత్తం వాలు, మురుగు కాలువ వైపుకి. మేము విమానాన్ని మొదటి రోజు నుంచీ ముక్కు కాలువ మీదకి వచ్చేలా పెట్టి కట్టాం, అక్కడే వెలుతురు బాగుంటుందని. చక్రాలు ఎత్తు మీద, పంకా పల్లం మీద. ఇన్నేళ్ళూ మేము కొలిచిన జానెడులో సగం మురుగు కాలువది.

మామయ్యా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. గుమ్మం వంకర ఉంటే వీధి చివర్నుంచే కనిపెట్టే మనిషి ఆయన. తలుపు పెట్టేముందు గడప సమంగా ఉందో లేదో మూడుసార్లు చూస్తారు. విమానానికి గడప లేదు కాబట్టి చూడలేదట.

అత్తయ్యకి చెప్పకూడదనుకున్నాం. భోజనాల దగ్గర మా ఆయన చెప్పేశారు.

"ఇంత చదువు, ఇంత పనితనం," అంది అత్తయ్య వడ్డిస్తూ, "పోయి పోయి కాలువలో పెట్టి కొలిచారా." తరవాత మామయ్య ప్లేటులో ఇంకాస్త వడ్డించింది. ఆవిడ జాలి పడితే అంతే, మాట ఉండదు, గరిటె ఉంటుంది.

ఫిబ్రవరి 13

కొట్టు ముందు రోడ్డు మీదకి తోసి కొలిచాం. మామయ్య బెత్తెడు కంటే కాస్త ఎక్కువ. ఎలుకకి మనసులో క్షమాపణ చెప్పుకున్నాను.

ఫిబ్రవరి 20

టైర్లలో గాలి గట్టిగా కొట్టాం. వేలెడు లాభం. మళ్ళీ షెడ్డుకి తోస్తుంటే ప్రతి రాయీ నా పళ్ళకి తెలిసింది.

ఫిబ్రవరి 24

చక్రాల కాళ్ళని పట్టి ఉంచే రబ్బరు తాళ్ళు విప్పి, ఇంకో చుట్టు బిగించి కట్టాం. నేను లాగాను, మామయ్య ముడేశారు. ఇంకో రెండు వేళ్ళు లేచింది. ఇద్దరం చాలా సంతోషపడ్డాం. ఆయన ఈల వేశారు కూడా.

ఫిబ్రవరి 25

తాళ్ళు సాగాయి. ఎక్కడ వేసిన గొంగళి అక్కడే.

మార్చి 3

టేపాయన వచ్చారు. విమానాన్ని ఎగరనివ్వాలా వద్దా అని సంతకం పెట్టేది ఈయనే. మెత్తని మనిషి, బూట్లు గుమ్మం బయట విప్పబోయారు, షెడ్డు అని చెప్పి ఆపాను. జేబులో ఎప్పుడూ టేపు ఉంటుంది. మాట్లాడేటప్పుడు దాన్ని సగం లాగి వదులుతుంటారు, అది సర్రున లోపలికి పోతుంది.

రోడ్డు మీదకి తోయించారు. ట్యాంకు నింపించారు. రెండు సీట్లలో మనుషుల బరువుకి ఇసక బస్తాలు పెట్టించారు. తోక లేపించారు. అప్పుడు కొలిచారు.

"ఐదున్నర అంగుళాలు. తొమ్మిది కావాలండి."

"జానెడు అన్నమాట," అన్నారు మామయ్య.

"మంచి జానెడు," అన్నారు టేపాయన, మామయ్య చెయ్యి చూసి. "రెండే దారులున్నాయి. పంకా కొసలు కోసుకోండి, లేకపోతే కాళ్ళు పొడుగు చేయించుకోండి. రెండూ మంచివే. మీరే తేల్చుకోండి." ఈయన కూడా పంకా అంటున్నారు. అత్తయ్య ప్రభావం ఎంతవరకూ పోయిందో.

నన్ను పక్కకి పిలిచి, "పంకా ఎవరు చేశారు?" అని అడిగారు. చెప్పాను. "కొయ్యాలంటే చెయ్యి రాదు," అని టేపు లాగి వదిలారు.

మార్చి 4

పొద్దున్నే వెళ్ళేసరికి మామయ్య షెడ్డులో పంకా విప్పి బల్ల మీద పెట్టుకుని, రెండు కొసల దగ్గరా పెన్సిలు గీత గీసి కూర్చున్నారు. పక్కన రంపం.

"కోసేద్దాం. దీనికింత రాద్ధాంతం ఎందుకు?"

"ఆగండి మామయ్యా, లెక్క చూడనివ్వండి."

"నా చేత్తో చెక్కినదాన్ని నా చేత్తో కోస్తానంటుంటే లెక్కేంటమ్మా?"

లెక్క ఉంది. పొట్టి పంకా తక్కువ లాగుతుంది. మా మైదానం పెద్దది కాదు, చివర వరసగా పొడుగు చెట్లు. మధ్యాహ్నమంతా కూర్చుని కట్టర్లూ గుడ్డముక్కలూ అవతలికి నెట్టి లెక్క వేశాను. కోసిన పంకాతో నేనొక్కదాన్నీ అయితే చెట్ల మీదుగా హాయిగా పోతాను. ఇద్దరం కూర్చుంటే చక్రాలకి ఆకులు తగులుతాయి. ఆకులు తగలడం అని రాస్తున్నాను గానీ, టేపాయన అలా రాయరు.

మామయ్యకి చూపించాను. ఆయన అద్దాలు పెట్టుకుని చూసి, "అయితే నువ్వొక్కదానివే ఎగురు," అన్నారు.

"మరి ఆ సీటు ఎవరికి కుట్టాను?"

మామయ్య పెన్సిలు గీతల్ని రబ్బరుతో చెరిపారు. కాస్త తొందరగానే చెరిపారు.

కాబట్టి కాళ్ళే పొడుగు చేయించాలి. లెక్క నా వైపే ఉంది. కాళ్ళు పొడుగైతే విమానం మొత్తం లేస్తుంది, తలుపు కూడా లేస్తుంది, అవును. ఎంత లేస్తుందో ఇవాళ కొలవలేదు. కొలవాల్సిన అవసరం కనిపించలేదు.

మార్చి 5

మామయ్య మోకాలు బాగానే ఉంది. పొద్దున పాల ప్యాకెట్టుకి ఆయనే వెళ్ళారు.

మార్చి 15

వెల్డరు దగ్గరికి వెళ్ళొచ్చాం. పాత కాళ్ళు చూపించి, బెత్తెడు పొడుగు కావాలన్నాం. అతను విమానం అంటే నమ్మలేదు. "ఎగిరేదాకా ఎవరికీ చెప్పకండి, నా పేరు అసలు చెప్పకండి," అన్నాడు. ఎగిరాక చెప్పుకుంటాడట.

దారిలో మామయ్యని అడిగాను. "ఎత్తు పెరిగితే ఎక్కడానికి మీకు..."

"తలుపుల సంగతి నాకొదిలెయ్ అమ్మాయ్."

వదిలేశాను. తలుపుల సంగతి ఆయనకి కాకపోతే ఎవరికి తెలుస్తుంది?

ఏప్రిల్ 2

కొత్త కాళ్ళు వచ్చాయి, బిగించాం. ఈసారి షెడ్డులో కొలవలేదు. రోడ్డు మీదే, బస్తాలతోనే.

నా జాన పట్టింది. మామయ్య జాన పట్టింది. బొటనవేలు మడత పెట్టకుండా పట్టింది. ఆయన చెయ్యి అలాగే ఉంచి నా వైపు చూసి నవ్వారు. ఆ నవ్వు చూస్తే ఈ ఏడాది ఇంకేమీ జరగకపోయినా ఫరవాలేదనిపించింది. మా ఆయన టేపు పట్టుకొచ్చి మళ్ళీ కొలిచి, తొమ్మిదికి పైనే అని ప్రకటించారు, ఏదో తనే వెల్డు చేసినట్టు.

విమానం ఇప్పుడు తలెత్తుకుని నిలబడింది. ముక్కు మరీ పైకి లేచి, లోపల కూర్చుంటే ముందు దారి కనపడటం లేదు. నా సీటుకి ఇంకో పొర కుషన్ వేసుకుంటాను. అది నా చేతిలో పనే.

"ఎక్కి చూడండి మామయ్యా."

"ఇవాళ వద్దులే. ప్యాంటు కొత్తది."

పాత ప్యాంటే. మోకాలి దగ్గర నేను అతుకేసిందే.

ఏప్రిల్ 9

టేపాయన సంతకం పెట్టారు. ముందు కొన్నిసార్లు నేనొక్కదాన్నే ఎగరాలి. ఆ తరవాత పక్కన మనిషిని ఎక్కించుకోవచ్చు.

ఏప్రిల్ 14

ఎగిరాను.

పొద్దున్నే, గాలి లేదు. తోక లేచింది, నాకు తెలియకుండానే ఊపిరి బిగబట్టాను, చప్పుడు కోసం. చప్పుడు రాలేదు. పంకా తన పని తను చేసుకుపోయింది. గడ్డి గరగర ఆగింది. అంతే, గరగర ఆగిపోవడమే ఎగరడం అని అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. చెట్లు కిందికి పోయాయి. గట్టు మీద మామయ్య తెల్ల చొక్కా చిన్నదై, గుండీ అంత అయింది.

నవ్వాను. ఒక్కదాన్నే, పైకి, గట్టిగా. ఎవరైనా వింటే పిచ్చిదనుకునేవాళ్ళు.

దిగాక మామయ్య ముందు పంకా కొసలు చూశారు, తరవాత నన్ను. "మన షెడ్డు కనిపించిందా?"

"కనిపించింది."

"నేల వాలు తెలిసిందా పైనుంచి?"

ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. ఇంటికొచ్చేసరికి అత్తయ్య వంటింట్లోనే ఉంది. "దిగావా," అంది. ఆవిడ మైదానానికి ఎప్పుడూ రాలేదు, రానని ముందే చెప్పేసింది. నేల విడిచి సాము చేసేవాళ్ళని చూసే గుండె తనకి లేదట. అందరికంటే ముందు నాకే టీ ఇచ్చింది.

ఏప్రిల్ 30

అయిపోయింది, నా ఒంటరి ఎగరడాలు అయిపోయాయి. ఇక కుడి సీటే.

మే 3

మామయ్యకి ఇవాళ గాలి నచ్చలేదు. ఒక్క ఆకు కదల్లేదు.

మే 6

మామయ్యకి కళ్ళు మంటగా ఉన్నాయట.

మే 10

పంకాకి ఇంకో పూత వార్నిష్ వేస్తే బాగుంటుందన్నారు. వేశాం. చాలా బాగుంది. అద్దంలా ఉంది. అవసరం లేదు.

మే 11

ఆయనకి ఇష్టం లేదేమో. వయసులో పెద్దవాళ్ళకి పైకి వెళ్ళాలంటే భయం ఉంటుంది, అది సహజం. బలవంతం చెయ్యకూడదు. అదే అయి ఉంటుంది. భయమే.

మే 14

భయం కాదు.

కొట్లో సీటు కుడుతుంటే అత్తయ్య వచ్చింది. ఊరికే రాదు. బల్ల మీద దారప్పోగులు ఏరుతూ నిలబడింది.

"మీ మామయ్య వాకిలి గట్టు ఎక్కి దిగుతున్నారు. రోజూ. నేను చూడనప్పుడు."

"వ్యాయామం ఏమో అత్తయ్యా."

"వ్యాయామానికి మనిషి గోడ పట్టుకుని తిట్టుకుంటాడా?" అంది. తరవాత నా మొహం చూసి, "నీకు తెలుసు," అంది.

నేను మిషను తొక్కాను. కుట్టు పక్కకి పోయింది.

మధ్యాహ్నం షెడ్డుకి వెళ్ళాను. తలుపు తీసేసరికి మామయ్య టైరు మీద ఒక కాలుతో, రెండు చేతులూ విమానం ద్వారబంధం పట్టుకుని, గాల్లో నిలబడి ఉన్నారు. పైకి పోలేరు, కిందికి రాలేరు. ఎంతసేపటి నుంచి అలా ఉన్నారో. నన్ను చూసి, ఏదో తలుపు బిగింపు పరీక్ష చేస్తున్నట్టు, "ఈ మడత బందు కాస్త వదులుంది," అన్నారు.

వెనకనుంచి పట్టుకుని దింపాను. ఆయన బరువు నా మీద పడితే తెలిసింది, ఎంత తేలికైపోయారో. ఇద్దరం కాలువ జల్లెడ పక్కన కూర్చున్నాం. చాలా బాధేసింది. ఆయన మోకాలికి కాదు, ఆ మడత బందు మాటకి.

"ఎప్పటినుంచి మామయ్యా?"

"కాళ్ళు మార్చిన రోజే తెలిసింది. ఎక్కకుండానే తెలిసింది. కంటితో చూస్తే తెలీదూ, గడప ఎత్తు?"

"చెప్పలేదేం మరి?"

"చెబితే కాళ్ళు మళ్ళీ తెగ్గోయిస్తావు. నువ్వు అడగలేదేం?"

"అడిగితే మీరు అబద్ధం ఆడలేరని."

ఆయన మోకాలు రుద్దుకున్నారు. నేను ఇన్నాళ్ళూ ఇక్కడ రాసుకున్న మాటలన్నీ గుర్తొచ్చాయి. మోకాలు బాగానే ఉంది. ఎవరికి చెప్పుకున్నాను అది?

"నాకు పైకెళ్ళాలని పెద్ద మోజేం లేదమ్మా," అన్నారు. "నేను చెక్కింది ఎలా లాగుతుందో, దాని వెనక కూర్చుని ఒక్కసారి వినాలని. కింద నుంచి వింటే అది ఇంజను చప్పుడే. పంకాది వినపడదు."

పీట వేసుకుని ఎక్కొచ్చుగా అన్నాను. అది ఆయనా ఆలోచించారట. "వేసుకుంటాను. ఎక్కాక ఎవరు తీస్తారు? నువ్వు అప్పటికే లోపల కూర్చుని ఉంటావు. వదిలేస్తే చక్రానికి తగులుతుంది, లేకపోతే గాలికి ఎగిరి తోకకి తగులుతుంది. ఒకే తలుపు పెట్టిన బుద్ధి నాది." తరవాత, "నా ఒక్కడి కోసం ఒక మనిషిని పీట పట్టుకుని నిలబెట్టడం నాకు నచ్చదు."

వాడికి పొద్దున డ్యూటీ అని కూడా అన్నారు. వాడంటే మా ఆయన. గాలి లేని వేళ పొద్దున్నే కదా. ఆదివారం సంగతి ఇద్దరం ఎత్తలేదు. ఆయన ఎందుకు ఎత్తలేదో నాకు తెలుసు. కొడుకు ముందు ఎక్కలేకపోతే అని.

మే 15

అత్తయ్యకి చెప్పాను. అంతా చెప్పాను, గడప ఎత్తూ, ఒకే తలుపూ, పీట ఎవరు తీస్తారన్నదీ.

ఆవిడ వంటింట్లో తన ముక్కాలి పీట మీద నిలబడి పై అల్మారాలోంచి డబ్బా తీస్తోంది. అత్తయ్య పొట్టి. కాపురానికొచ్చిన కొత్తలో అల్మారా కిందికి దించమని అడిగితే మామయ్య దించలేదట, ఈ పీట చేసిచ్చారట. అరిగి అరిగి మధ్యలో గుంట పడింది. ఇన్నేళ్ళలో దాని కాళ్ళు ఒక్కసారి కూడా కదల్లేదు.

దిగి, పీట వైపు చూసి, "ఇది సరిపోతుందా?" అంది.

"సరిపోతుందనుకుంటా. మూడు కాళ్ళు కదా, గడ్డి మీద ఎగుడుదిగుడున్నా ఊగదు. తీసుకెళ్ళనా?"

"నా పీట ఎవరికీ ఇవ్వను."

నేను బిత్తరపోయాను.

"దానితోపాటు నేనొస్తాను," అంది. "వేసేది నేనే, తీసేది నేనే. ఆయన కింద పడితే పట్టుకునేది కూడా నేనే. ఇన్నేళ్ళుగా అదే పని కదా."

"మీరు మైదానానికి రానన్నారుగా. చూసే గుండె లేదన్నారుగా."

డబ్బా మూత తీసి, లోపల చూసి, మళ్ళీ పెట్టింది. "పాలు పొయ్యి మీద పెట్టి పక్కకి వెళితేనే పొంగుతాయి. అక్కడే నిలబడి చూస్తుంటే పొంగవు. నువ్వొక్కదానివి వెళ్ళినన్ని రోజులూ ఇక్కడ నిలబడి ఏం చూశాననుకున్నావు? వంటింటి కిటికీలోంచి ఆ చెట్ల పైభాగం కనిపిస్తుంది."

ఈ ఇంట్లో ఇన్నేళ్ళున్నాను. ఆ కిటికీలోంచి చెట్లు కనిపిస్తాయని నాకు తెలీదు. వెళ్ళి చూశాను. కనిపిస్తున్నాయి.

మే 19

ఇవాళ.

ముందు నేనెక్కాను. అత్తయ్య పీట తెచ్చి టైరు పక్కన పెట్టి, ఊగుతుందేమో అని తనే ఎక్కి తొక్కి చూసి దిగింది. మామయ్య పీట మీద కాలు పెట్టారు. రెండో కాలిని చేతులతో ఎత్తే పని లేకుండా ద్వారబంధం పట్టుకుని లోపలికి వచ్చేశారు. ఇంత సులువా అన్నట్టు ఒకసారి వెనక్కి చూశారు. అత్తయ్య ఆయన చొక్కా అంచు తలుపులో పడకుండా లోపలికి దోపి, తలుపు వేసి, గడియ తనే బయటనుంచి లాగి చూసింది. పీట చంకలో పెట్టుకుని గట్టు దాకా నడిచి, దాన్ని గడ్డి మీద వేసుకుని కూర్చుంది. చీర కొంగు తలమీద కప్పుకుని, మా వైపే.

తోక లేచింది. చప్పుడు లేదు. గరగర ఆగింది. చెట్లు కిందికి పోయాయి, రెండు సీట్లూ నిండి ఉన్నా, జానెడు కాదు, చాలా ఎత్తునుంచే.

మామయ్య రెండు అరచేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, కళ్ళు మూసుకుని వింటున్నారు. ఎంతసేపటికో కళ్ళు తెరిచి, నా చెవి దగ్గరికి వంగి అరిచారు. "సమంగానే లాగుతోంది."

"మీరు చెక్కిందేగా."

"పెచ్చు లేచిన రెక్క కూడా సమంగానే ఉంది," అన్నారు. ఆ అతుకు మీద ఇన్నాళ్ళూ ఆయనకి అనుమానం ఉందని నాకప్పుడే తెలిసింది.

ఊరు మీదుగా ఒక చుట్టు తిప్పాను. కిందకి చూస్తూ ఉన్నారు. "వీధి వీధంతా నా తలుపులే. పైనుంచి ఒక్కటీ కనపడదు. అన్నీ కప్పులే." అదేదో పెద్ద హాస్యంలా నవ్వారు, కళ్ళనీళ్ళు తుడుచుకున్నారు. నాకు ఎంత సంతోషం వేసిందంటే నడిపే స్టిక్ చేతిలో ఉందనే మర్చిపోయాను, విమానం కాస్త ఊగింది, "ఏంటిది?" అన్నారు. గాలి అన్నాను. ఒక్క ఆకు కదలట్లేదు.

దిగుతుంటే గట్టు మీద అత్తయ్య అలాగే ఉంది. ఆగేలోపే లేచి పీటతో నడిచొస్తుంటే, పంకా ఆగేదాకా రావద్దని చేత్తో సైగ చేశాను. ఆగింది. సరిగ్గా చెప్పిన చోటే నిలబడింది. పంకా ఆగాక వచ్చి పీట వేసింది. మామయ్య దిగారు.

"ఎలా ఉంది?" అంది.

"బాగుంది."

"నా మెడ పట్టేసింది," అంది. "ఆ చెట్ల వెనక్కి పోయినప్పుడు మాత్రం కనపడలేదు. ఇంకోసారి అటు పోకండి."

మామయ్య ఆవిడ మెడ వెనక చెయ్యి వేసి రుద్దారు. నేను పంకా కొసలు చూస్తున్నట్టు అటు తిరిగాను.

మే 21

వెల్డరు ఊరందరికీ తన పేరు చెప్పుకుంటున్నాడట.

మే 23

వంటింట్లో పీట లేదు. డబ్బాలు తీసిపెట్టమని అత్తయ్య మా ఆయన్ని పిలుస్తోంది. పీటేదని ఆయన అడిగితే, షెడ్డులో ఉంది, రిపేరుకిచ్చాను అంది. ఇన్నేళ్ళలో కదలని పీటకి రిపేరేంటో.

షెడ్డుకి వెళ్ళాను. మామయ్య పీటని తలకిందులుగా పెట్టి, దాని కాళ్ళకి అడ్డంగా ఇంకో చిన్న మెట్టు బిగిస్తున్నారు, నేలకి బాగా దగ్గరగా.

"ఇదెందుకు మామయ్యా?"

"మోకాలికి. సులువుగా ఉంటుందని."

ఆయన పీట ఒకే అడుగులో ఎక్కారు, నేను చూశాను. ఆ మెట్టు ఆయన అడుగుకి సగం కూడా లేదు. పక్కన బల్ల మీద పెన్సిలుతో గీసిన గీత ఉంది, ఎవరిదో చిన్న పాదం పొడుగు, చుట్టూ గీసింది. నా పాదం కాదు. పెట్టి చూశాను.

నేను కొట్లోకి వచ్చి, కుడి సీటుకి కుషన్ ఒకటి కుట్టడం మొదలుపెట్టాను. మూడు పొరలు వేస్తున్నాను. పొట్టి మనిషి కూర్చున్నా కిటికీలోంచి కింద అంతా కనపడాలి.